కిష్టారం ఏ జిల్లాలోనిది?

బస్తరు అరణ్యసీమకు దక్షిణాంచలమున, తెలంగాణమునందలి చర్ల, దుమ్ముగూడెం మండలముల సరిహద్దునకు చేరువగా, సుక్మా జిల్లా కోంటా తహసీలులో కిష్టారమను గ్రామము గలదు. అచ్చటి యొక యింట 1997లో నొక శిశువు జనించెననుకొందము. అతని జన్మస్థానము మధ్యప్రదేశ్ రాష్ట్రమున బస్తరు జిల్లా. 1998లో బస్తరును విభజించి దంతెవాడ జిల్లాను నెలకొల్పిరి గనుక, 1999లో పుట్టిన తమ్మునిది మధ్యప్రదేశమే గాని దంతెవాడ జిల్లా. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర మవతరించుటచే 2001లో పుట్టిన చెల్లెలిది ఛత్తీస్‌గఢ్, దంతెవాడ. 2012 జనవరిలో సుక్మా వేరు జిల్లాయైనందున 2013లో పుట్టిన కడగొట్టు బిడ్డది ఛత్తీస్‌గఢ్, సుక్మా. వారి తాత 1948కి పూర్వము పుట్టినవాడైనచో నాతడు బస్తరు సంస్థానపు ప్రజ. ఇల్లు కదలలేదు, వాకిలి కదలలేదు. చిరునామాలు మాత్ర మైదు, అయిదును సత్యములే.

ఈ ప్రాంతపు కోయలును దోర్లలును మిరపకోతల కాలమున కూలికై ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలకును, రోగము ముదిరినపుడు వైద్యమునకై భద్రాచలమునకును వచ్చుట పరిపాటి. వచ్చినవారి పేరూ ఊరూ ఏదో యొక కార్యాలయమున కంప్యూటరు ఫారములో నెక్కవలసియుండును. ఆ ఫారమునందు రాష్ట్రము, జిల్లా, మండలము, గ్రామము అను నాలుగు గడులు శృంఖలాబద్ధములై యుండును: రాష్ట్రము నెన్నుకొన్న పిదపనే దాని జిల్లాలును, జిల్లా నెన్నుకొన్న పిదపనే దాని మండలములును జాబితాలుగా తెరచుకొనును. తెలంగాణవారు చేయించిన ఫారములో "మండలము" అని పేరుగల గడియందే ఛత్తీస్‌గఢ్ తహసీలును ఇమిడ్చవలసివచ్చుట యొక చిన్న చిక్కు, దానినిక్కడ వదలివేయుదము.

చూచుటకు నాలుగు గడులేయైనను, వాని వెనుక నాలుగు పట్టికలున్నవి. ఐ.బి.యం. సంస్థలో పరిశోధకుడగు ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించిన సంబంధాత్మక పద్ధతి ననుసరించి, ప్రతి గ్రామమునకును నొక కోడు, ఆ గ్రామము ఏ మండలమునకు చెందునో తెలుపు మరియొక కోడు గ్రామముల పట్టికలో వ్రాయబడును. మొదటిది ప్రైమరీ కీ. రెండవది పరాయి పట్టికలోని వరుసను చూపునది గనుక ఫారిన్ కీ. పేరునే కీగా పెట్టుకొనరాదా యని శంకించువారికి కిష్టారమే తగిన సమాధానము: ఖమ్మం జిల్లా సత్తుపల్లి మండలమున సింగరేణి సంస్థవారి ఓపెన్‌కాస్టు బొగ్గుగని గల యూరి పేరును కిష్టారమే.

ఈ రెండు కిష్టారముల మూలముననే ఫారములలో మిక్కిలి గూఢమైన దోషము పుట్టగలదు. గుమాస్తా యలవాటు చొప్పున తెలంగాణ, ఖమ్మం, సత్తుపల్లి, కిష్టారం అని వరుసగా నొక్కి, రోగి తాను కోంటా వైపు నుండి వచ్చితినని చెప్పగా, వెనుకకు పోయి రాష్ట్రమును ఛత్తీస్‌గఢ్‌గాను, జిల్లాను సుక్మాగాను, తహసీలును కోంటాగాను దిద్దెననుకొనుడు. తహసీలు మారినంతనే గ్రామముల జాబితాను పట్టికనుండి మరల తెప్పించు నాజ్ఞను ఫారము చేసినవాడు వ్రాయక విడిచియుండినచో, నాలుగవ గడిలో "కిష్టారం" అని మునుపటి పేరే నిలిచియుండును. కన్నులకు సరిగానే యున్నది గనుక గుమాస్తా దానిని ముట్టడు. భద్రపరచబడునది మాత్రము సత్తుపల్లి కిష్టారపు కోడు. తెరమీద తప్పు లేదు, పట్టికలో తప్పున్నది. ఇట్టి తప్పును పట్టుటకు మనుష్యుని కన్ను చాలదు.

జాబితాను మాత్రము తెప్పించి, పాత యెంపికను చెరపకుండుటయు నంతటి ప్రమాదమే. అప్పుడా గడి శూన్యముగా కనిపించును, వెనుక పాత కోడు చెక్కుచెదరక యుండును. కావున పై గడి మారిన క్షణముననే క్రింది గడులన్నిటిలోని విలువలను తుడిచి, పై నుండి క్రిందికి వరుసగా జాబితాలను మరల నడుగవలెను. 1992లో వెలువడి నేటికిని అనేక చిన్న కార్యాలయములలో పనిచేయుచున్న మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో దీనికై "ఆఫ్టర్ అప్‌డేట్" అను ఘట్టము గలదు; అచ్చట "రీక్వెరీ" అను నాజ్ఞ వ్రాయుదురు. "రిఫ్రెష్" అను మరియొక యాజ్ఞయు నున్నది గాని అది వేరు: ఇదివరకే తెచ్చియున్న వరుసలలోని మార్పులను చూపును, క్రొత్తగా చేరిన వరుసలను తేదు. క్రొత్త గ్రామమును పట్టికలో చేర్చియు జాబితాలో కానరాక విసిగినవారిలో ననేకులు ఈ రెండింటి భేదము నెరుగనివారే. ఒకే తెరపై పది వరుసలు చూపు ఫారములో మరియొక వింత జరుగును: ఒక వరుసకొరకు జాబితాను కుదించినచో, తక్కిన తొమ్మిదింటిలో ఆ జాబితాకు చెందని గ్రామముల పేర్లు తెరపై మాయమగును. దత్తాంశము చెడలేదు, చూపు మాత్రమే చెడినది. కాని భయపడిన గుమాస్తా మరల పూరింపబోయి నిజముగానే చెరచును.

ఇక పూరించిన విలువల పరీక్ష విషయము. ఒక్క గడిలోనే తేలు పరీక్షలు సులభములు. ఆధార్ సంఖ్యలోని పండ్రెండవ అంకె డచ్చి గణితజ్ఞుడు వెర్హూఫ్ 1969లో ప్రకటించిన విధానముచే లెక్కింపబడినది. ఒక యంకె తప్పినను, ప్రక్కప్రక్క యంకెలు రెండు తారుమారైనను అది పట్టియిచ్చును. రెండు గడులను జతపరచు పరీక్షలు ఇంకను విలువైనవి. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టబడిన పిన్‌కోడులలో ఛత్తీస్‌గఢ్‌వి 49తోను, తెలంగాణవి 50తోను మొదలగును. రాష్ట్రమును పిన్‌కోడును పొసగనిచో ఫారము హెచ్చరింపవచ్చును. కాని 2005 తరువాతి కల్లోలములలో బస్తరు విడిచి వచ్చి, గోదావరి తీరపు టడవులలో స్థిరపడినవాని జన్మస్థానము ఛత్తీస్‌గఢ్, నివాసము తెలంగాణ. జన్మరాష్ట్రముతో నివాసపు పిన్‌కోడును సరిచూచు ఫారము నిజము చెప్పినవానినే వెనుకకు పంపును. ఏ గడిని ఏ గడితో పోల్చవలయునో నిర్ణయించుట యంత్రపు పని కాదు.

గడినుండి గడికి పోవునప్పుడు చేయు పరీక్షలెన్ని యున్నను, తుదకు భద్రపరచుటకు ముందు నాలుగు కోడులును పరస్పరము పొసగుచున్నవా యని చూచుట తప్పనిసరి; యాక్సెస్‌లో "బిఫోర్ అప్‌డేట్" ఘట్టమున భద్రపరచుటనే నిలిపివేయవచ్చును. అంతటితో నాగక, డేటాబేసులోనే ఫారిన్ కీ నిబంధన యుండవలెను, ఏలయనగా దత్తాంశ మెల్లప్పుడు ఫారముద్వారానే రాదు. ఒక్కొక్కప్పుడు ఎక్సెల్ పత్రమునుండి వేల వరుసలు ఒక్కమారుగా కుమ్మరింపబడును.

గ్రామపు కోడు నొక్కదానినే దాచి, మండలమును జిల్లాను దానినుండి గ్రహించినచో వైరుద్ధ్యమునకే తావుండదు గదా యని శాస్త్రజ్ఞులందురు. ఆ మాట యొప్పే. కాని అట్లు చేసినచో, 1997లో పుట్టినవాని పత్రమును నేడు తెరచినపుడు జన్మజిల్లా సుక్మాయని కనిపించును. అతని చేతిలోని ధ్రువపత్రమున బస్తరు అని యుండును. నేటి పేర్లు మాత్రమే గల జాబితా ఆ ధ్రువపత్రమును తప్పని త్రోసివేయును. 2011 జనగణనలో దంతెవాడ క్రింద లెక్కింపబడిన కోంటా తహసీలు మరుసటి యేటనే సుక్మాకు పోయినది. సరిహద్దున కీవలి చింతూరు మండలము 2014 వరకు ఖమ్మమున, పిదప తూర్పుగోదావరిలో నుండి, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. పేరు మారినప్పుడు పాత వరుసలన్నిటిని క్రొత్త పేరుతో దిద్దివేయుట నవీకరణము కాదు, చరిత్రను చెరపుట యని నా యభిప్రాయము. పూర్వము మన కరణము పట్టా చేతులు మారినపుడు పాత పేరును గీకివేయక, క్రొత్త పేరును తేదీతో ప్రక్కన వ్రాయుచుండెడివాడు. పట్టికలోను అట్లే ప్రతి సంబంధమునకును ఆరంభపు తేదీ, అంతపు తేదీ యను రెండు గడులు చేర్చి, జాబితాను పుట్టినతేదీ ననుసరించి తెప్పించినచో, 1999 అనగానే దంతెవాడయు, 2013 అనగానే సుక్మాయు వాటంతట నవే వచ్చును. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించు స్థానిక పరిపాలనల డైరెక్టరీ ప్రతి గ్రామమునకు నొక కోడు నిచ్చియుండుటచే ఇందుకు పునాది లేకపోలేదు.

పత్రము చెడుటకు మరియొక దారియు గలదు: ఇద్దరు గుమాస్తాలు ఒకే పత్రమును తెరచి దిద్దుచున్నపుడు, వెనుక భద్రపరచినవాడు ముందువాని దిద్దుబాటును తెలియకయే తుడిచివేయును. తాను తెరచిన నాటి వరుసయే యింకను నున్నదా యని భద్రపరచునపుడు పోల్చిచూచు నుపాయమును కుంగ్, రాబిన్సన్ అను పండితులు 1981లో వివరించిరి; వరుసకొక క్రమసంఖ్యను తగిలించి, అది మారియున్నచో మరల చదువుమని చెప్పుట నేటి యాచారము.

కాలముతో జాబితా మారు చిక్కు ఇంకొక చోటను ఎదురగును. సెల్‌ఫోను సంకేత మందని అడవి గ్రామమున సర్వే చేయువాని ట్యాబ్లెట్టులో జాబితాలు ముందుగానే నింపబడియుండును. అతడు తిరిగివచ్చి పంపునాటికి సర్వరులోని జాబితా మారియుండవచ్చును. అప్పుడు సర్వరు నేటి జాబితాతో సరిచూచి ఆ పత్రములను త్రోసివేయరాదు. ప్రతి పత్రముతోకూడ అది ఏ తేదీనాటి జాబితాపై పూరింపబడినదో ఆ తేదీయు ప్రయాణింపవలెను. దానికి తగిన పాత జాబితాను సర్వరు తనయొద్ద భద్రముగా నుంచుకొని, దానితోనే పోల్చి, పిమ్మట నేటి కోడును ప్రక్కన చేర్చుకొనవలెను.