లెక్కలు రాకపోతే అర్థశాస్త్రం రాదా?

"మా అమ్మాయికి లెక్కలంటే భయం, ఎకనామిక్స్ ఎలా చదువుతుందండీ?" అని తల్లులు అడుగుతూంటారు. ఇంటర్మీడియట్‌లో సి.ఇ.సి., హెచ్.ఇ.సి. గ్రూపులలో లెక్కల పేపరు లేకుండానే అర్థశాస్త్రం ఉంది.

పిడుగురాళ్ల సున్నపు బట్టీలనే చూడండి. బొగ్గు ధర పెరిగితే ఆ భారమంతా సున్నం కొనేవారిదేనా? గిరాకీ తగ్గుతుందంటే బట్టీ యజమాని కూడా కొంత భరించాలి కదా! పాఠమంటే ఈ ఆలోచనే. 1890లో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ తన గ్రంథంలో గణితాన్ని చివరి అనుబంధానికి పంపి, విషయాన్ని మాటల్లోనే చెప్పాడు.

అయితే శాతాలు, గ్రాఫులు తప్పవు. ఎం.ఏ.కి వెళితే స్టాటిస్టిక్స్ కూడా తప్పదు. అందుకని ఇప్పటినుంచే ఇంటి పద్దు అమ్మాయి చేత రాయించండి. కిందటి నెలకన్నా కందిపప్పు ఎంత శాతం పెరిగిందో తననే కట్టి చెప్పమనండి.