గూటి పట్టులో నెత్తుటి దారులు

నాలుగు జ్వరాలు దాటి, చంద్రికెక్కి గూడు కట్టిన పట్టుపురుగు కష్టం మార్కెట్టులో కిలోల లెక్కన అమ్ముడుపోతుంది. అదే గూడు ప్రయోగశాలకు చేరితే గ్రాముల లెక్కన మరో పనికొస్తుంది. కాలిన చర్మానికి, మానని పుండుకు, విరిగిన ఎముకకు కొత్త కణజాలం పెంచేందుకు పట్టును పందిరిగా వాడుతున్నారు. అయితే పందిరి వేస్తే సరిపోదు. తీగ పాకిందా, తీగ చివరిదాకా నీరందిందా అన్నది చూడాలి. అక్కడే ఉంది అసలు చిక్కు.

నాగరగెరె: చిక్కబళ్లాపురం జిల్లాలో పట్టు గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. సరిహద్దు గ్రామాల వారికి ఒకవైపు హిందూపురం, మరోవైపు శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్లున్నాయి. పట్టు నూలును సబ్బు, సోడా నీళ్లలో ఉడకబెట్టి జిగురు తీయడం ఇక్కడి వారికి తెలిసిన పనే. ప్రయోగశాలలోనూ మొదట చేసేది ఇదే. గూడును కత్తిరించి, లోపలి పురుగును తీసేసి, సోడా నీళ్లలో అరగంట ఉడికిస్తారు. జిగురు పోగా మిగిలేది ఫైబ్రోయిన్ అనే ప్రోటీన్. దాన్ని లిథియం బ్రోమైడ్ ద్రావణంలో కరిగించి, ఆ లవణాన్ని నీటితో వదిలిస్తారు. చివరికి మిగిలిన ద్రవాన్ని పలుచని పొరగానో, స్పాంజిలాగానో తయారు చేస్తారు. ఆ స్పాంజి రంధ్రాల్లో మనిషి కణాలను నాటుతారు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలోనూ, మన దేశంలో ఖరగ్‌పూర్, గువాహటి ఐఐటీల్లోనూ ఈ దిశగా ఎన్నో పరిశోధనలు జరిగాయి. పట్టు ప్రోటీన్‌తో గాయాలకు పట్టీలు తయారు చేసే సంస్థ బెంగళూరులోనే ఉంది.

వెంట్రుక దూరమే హద్దు

శరీరంలో ఏ కణమైనా బతకాలంటే ఆక్సిజన్ కావాలి. దాన్ని మోసుకొచ్చేది నెత్తురు. నెత్తుటి నాళం నుంచి ఆక్సిజన్ దానంతటదే ఊరుతూ వెళ్లగలిగేది మహా అయితే 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దూరమే. అంటే రెండు మూడు వెంట్రుకల మందం. అంతకుమించి దూరంగా ఉన్న కణం ఊపిరాడక చనిపోతుంది. అందుకే ప్రయోగశాలలో పెంచిన ముక్క కాస్త మందమైతే చాలు, పైకి పచ్చగా కనిపిస్తూనే నడిమధ్యలో కుళ్లిపోతుంది.

పలుచని అవయవాలు ముందు చేతికందడానికి కారణమూ ఇదే. అమెరికా వైద్యుడు ఆంథొనీ అటాలా బృందం రోగుల సొంత కణాలతో మూత్రాశయం గోడలు పెంచి ఏడుగురికి అమర్చినట్టు 2006లో వెల్లడించింది. గుండె, కాలేయం లాంటి మందపాటి అవయవాలు మాత్రం ఇప్పటికీ ఆ దరికి రాలేదు. కారణం ఒక్కటే... లోపలంతా నాళాలు అల్లుకోవాలి.

డ్రిప్పు పైపు లెక్క

అతి సన్నని నెత్తుటి నాళాలను తొలిసారి చూసినవాడు ఇటలీకి చెందిన మాల్పీగీ. 1661లో కప్ప ఊపిరితిత్తుల్లో సూక్ష్మదర్శినితో వాటిని గుర్తించాడు. ఆ నాళాల వెడల్పు మిల్లీమీటరులో వందో వంతు కంటే తక్కువే. ఎర్ర కణాలు వాటిలో ఒకదాని వెనుక ఒకటి వరుసకట్టి వెళ్లాల్సిందే.

ఇప్పటికీ ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే పద్ధతి ఒకటుంది. కణజాలాన్ని మైనంలో బిగించి, అతి పలుచని పొరలుగా కోసి, రంగు వేసి చూస్తారు. నాళం అడ్డంగా తెగినచోట ఉంగరంలా కనబడుతుంది. ఎన్ని ఉంగరాలున్నాయో లెక్కపెడతారు. కానీ టమాటా తోటలో డ్రిప్పు పైపును ఒకచోట కోసి రంధ్రం చూసినంత మాత్రాన చివరి మొక్కకు నీరందుతున్నట్టు కాదు కదా! పైపు మధ్యలో తెగి ఉండొచ్చు, పూడిపోయి ఉండొచ్చు, అసలు మోటారుకే కలిపి ఉండకపోవచ్చు.

అందుకే శాస్త్రజ్ఞులు రెండు రకాల రంగులు వాడతారు. మొదటిది నాళాల లోపలి గోడ కణాలకు అంటుకునేది. సీడీ31 అనే గుర్తును పట్టుకునే ఈ రంగు పైపు ఎక్కడ వేసి ఉందో చెబుతుంది. రెండోదాన్ని ప్రయోగానికి వాడే ఎలుక బతికి ఉండగానే దాని నెత్తుట్లోకి ఎక్కిస్తారు. నెత్తురు పారిన నాళాలకే ఇది అంటుతుంది. అంటే నీరు ఎక్కడిదాకా పారిందో చెబుతుంది. రెండు రంగులూ ఒకేచోట కనిపిస్తే పెంచిన కణజాలం ఒంటి నెత్తుటితో కలిసినట్టు. మొదటిది మాత్రమే కనిపిస్తే అది నీళ్లు రాని పైపే.

నూనె కాగితం కిటుకు

ముక్కను కోయకుండా లోపలి నాళాలన్నీ చూడాలంటే వెలుగు దాని గుండా పోవాలి. మాంసం వెలుగును చెదరగొడుతుంది. బజ్జీలు కట్టిన కాగితానికి నూనె అంటితే అవతలిది కనిపిస్తుంది కదా! కాగితం పోగుల మధ్యనున్న గాలి స్థానంలో నూనె చేరడంతో వెలుగు చెదరడం తగ్గుతుంది. జర్మనీకి చెందిన స్పాల్టెహోల్జ్ వందేళ్ల కిందటే ఇదే కిటుకు కణజాలంపై ప్రయోగించాడు. ఆయన వాడిన వింటర్‌గ్రీన్ నూనె వాసన నొప్పుల బామ్ రాసుకునేవారికి పరిచయమే. 2013లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు క్లారిటీ అనే పద్ధతిలో ఎలుక మెదడునే గాజులా మార్చి చూపడంతో ఈ రంగం ఊపందుకుంది. ఇలా తేటగా చేసిన ముక్కపై లేజరు వెలుగును పొర పొరగా ప్రసరింపజేసి, ఆ చిత్రాలన్నీ కంప్యూటరులో పేరిస్తే నాళాల అల్లిక మొత్తం కళ్లకు కడుతుంది. ఎన్ని కొమ్మలు, ఎంత పొడవు, ఒకదానికొకటి ఎంత ఎడం అన్నది అంకెల్లో తేలుతుంది.

పట్టుతో ఇక్కడ ఓ పేచీ ఉంది. లేజరు పడితే పట్టు తనంతట తానే నీలంగా, పచ్చగా మెరుస్తుంది. నాళం ఏదో, పందిరి ఏదో తెలియదు. అందుకని నాళాలకు ఎరుపు వైపు మెరిసే రంగులు ఎంచుకుంటారు. మరో దారి ఎక్స్‌రే. సీసం కలిపిన పదార్థాన్ని నాళాల్లో నింపి సూక్ష్మ సీటీ తీస్తే పెద్ద నాళాలు స్పష్టంగా వస్తాయి. సన్ననివి జారిపోయే ప్రమాదం ఉంది.

కంటికి మాత్రం ఎదురు లెక్క

హైదరాబాదు అనుభవం ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడి ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ, సీసీఎంబీ కలిసి త్రీడీ ముద్రణతో కంటి నల్లగుడ్డుపై ఉండే పారదర్శక పొర, అంటే కార్నియా, తయారు చేసి కుందేలు కంటిలో అమర్చినట్టు 2022లో ప్రకటించాయి. ఆరోగ్యమైన కార్నియాలో నెత్తుటి నాళాలు ఉండవు. కన్నీరు, కంటి లోపలి ద్రవం దానికి ఆహారం అందిస్తాయి. అందుకే అది పారదర్శకం. సున్నం కంట్లో పడి కాలినప్పుడు అంచు మూలకణాలు చచ్చి, తెల్లగుడ్డు నుంచి నాళాలు పాకివచ్చి చూపును మూసేస్తాయి. అదే సంస్థలో మంచి కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి దెబ్బతిన్న కంటిపై నాటే సులువైన శస్త్రచికిత్సను 2012లో ప్రపంచానికి పరిచయం చేశారు. చర్మంలో నాళం కనిపిస్తే విజయం, కార్నియాలో కనిపిస్తే ఓటమి. చూసే పద్ధతి ఒకటే, జవాబు మాత్రం ఎదురు.

కాలి పుండు అడిగే ప్రశ్న

ఈ పరిశోధన ఫలితం కోసం ఎక్కువగా ఎదురుచూసేది చక్కెర జబ్బు వారు. ఏళ్ల తరబడి చక్కెర అదుపులో లేకుంటే కాలి నరాలు మొద్దుబారతాయి, నాళాలు మూసుకుపోతాయి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు మానదు. చివరికి వేలో, కాలో తీసేయాల్సి వస్తుంది. అలాంటిచోట పెంచిన చర్మం అతికించినా అడుగునుంచి నెత్తురు అందకపోతే నిలవదు.

ఇదే అదనుగా మూలకణాలతో అన్నీ నయం చేస్తామని లక్షలు అడిగేవారూ ఉన్నారు. ఆమోదం లేని మూలకణ చికిత్సను నియంత్రిత ప్రయోగ పరీక్షల్లో తప్ప వ్యాపారంగా చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరీక్ష పేరిట రోగి నుంచి డబ్బు అడిగితే అనుమానించాల్సిందే.

ప్రయోగశాలకు కావాల్సింది గుప్పెడు గూళ్లే కాబట్టి దీనివల్ల మార్కెట్టులో ధర పెరుగుతుందని ఆశించడానికి లేదు. పుండు మాన్పే పట్టు చర్మం తాలూకా ఆసుపత్రికి వచ్చే రోజు కూడా ఇంకా దూరమే. అప్పటిదాకా చేయగలిగింది ఒకటుంది. చక్కెర జబ్బున్నవారు రోజూ రాత్రి పడుకునేముందు పాదాలు కడుక్కుని, వేళ్ల సందుల్లో తడి తుడిచి, అద్దం పెట్టుకునైనా అరికాలు చూసుకోవాలి. పొలానికి చెప్పులు లేకుండా వెళ్లకూడదు. నెత్తుటి దారి మూసుకుపోయాక తెరవడం కంటే పూడకుండా చూసుకోవడమే తేలిక... డ్రిప్పు పైపుకైనా, కాలికైనా!