చదరంగ పద్యము - అరువదియొకటవ గడి

మా నల్లపాటివారికి లెక్క క్రొత్త గాదు. మిరపకోతల దినములలో గుంటూరు యార్డునకు పోవు టిక్కీలను కంటితోనే లెక్కించి, క్వింటాలు ధర చెవిని బడగానే మొత్తము చెప్పగల రైతులిచట కలరు. అట్టి యూర నివసించుచు తెలుగు పాఠములు చెప్పుకొను నేను, ఇరువది యేండ్లుగా ఒక లెక్కను లెక్కింపకయే బోధించితిని.

అది పావులూరి మల్లన పేర ప్రచారమందున్న చదరంగ పద్యము. మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెనిగించిన ఈ కవి యింటిపేరునకు ఇంకొల్లు దగ్గరి పావులూరే మూలమని పెద్దలు చెప్పుదురు. తొలి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు 64 గళ్లను నింపినచో మొత్తము 18446744073709551615. ఈ ఇరువది అంకెలను కవి శరములు, చంద్రుడు, వేదములు అను మాటలుగా మార్చి, ఒకట్ల స్థానము మొదలుకొని చంపకమాలలో నిమిడ్చెను. లేఖకుడు ‘శర’ యనుచోట ‘వేద’ యని వ్రాసినచో గణము భంగమై దొరకిపోవును. ఇంతవరకు నేనును చెప్పుచుంటిని.

కడచిన యేట ఒక విద్యార్థిని లేచి, “మాస్టారండీ, ఇంత పెద్ద సంఖ్య దేనితోనైనా శేషం లేకుండా భాగింపబడుతుందాండీ?” అని యడిగెను. యతిప్రాసలు తప్ప ఎరుగని నాకు మాట రాలేదు. ఆ రాత్రి కాగితము ముందు బెట్టుకొని కూర్చుంటిని. చివర 5 కలదు గనుక 5తో భాగింపబడును. అంకెల కూడిక 87 గనుక 3తోను భాగింపబడును. అంతమీద నాకు సాగలేదు. గణితశాస్త్రము చెప్పు మిత్రుడొకడు తక్కినది పూర్తిచేసెను. 3, 5, 17, 257, 641, 65537, 6700417 - ఈ యేడింటి లబ్ధమే మల్లన సంఖ్య. ఏడును ప్రధాన సంఖ్యలే; అనగా ఒకటితోను తమతోను తప్ప వేరొకదానితో నిశ్శేషముగా భాగింపబడనివి. వీనిలో 641, 6700417ల లబ్ధమైన 4294967297ను ఫ్రాన్సు దేశపు ఫెర్మా ప్రధాన సంఖ్యయే యని తలచెను. 1732లో ఆయిలర్ దానిని 641తో భాగించి చూపెను.

అసలు వింత వేరొకటి కలదు. గడిగడికి ఆగి, అంతవరకు చేరిన గింజలను కూడి చూడుడు. రెండవ గడికి 3, మూడవదానికి 7, అయిదవదానికి 31, ఏడవదానికి 127 - అన్నియు ప్రధానములే. గడి సంఖ్య ప్రధానము గానిచో మొత్తమును ప్రధానము కానేరదు. 64వ గడికి ఆ యోగము లేకపోవుటకు కారణమిదియే. గడి సంఖ్య ప్రధానమైనంత మాత్రమున చాలునా యన్న, చాలదు. 11వ గడికి వచ్చు 2047, 23, 89ల లబ్ధము. ఇచట మహానుభావులే తడబడిరి. 1644లో మెర్సెన్ అను క్రైస్తవ సన్యాసి ఏయే గళ్లకు ప్రధాన సంఖ్య వచ్చునో పట్టిక వ్రాసి, పలక కావలి 67ను చేర్చెను, పలకలోని 61ని విడిచెను. రెండును తప్పులే. 1883లో పెర్వూషిన్ అను రష్యా మతాచార్యుడు 61వ గడి మొత్తమైన 2305843009213693951 ప్రధాన సంఖ్యయని నిరూపించెను.

మల్లన ముగించిన చోటికి మూడే గళ్ల వెనుక! ఆయనకీ రహస్యము తెలియునని నేననను, అనువారిని నమ్మకుడు.

2024లో కనుగొనబడిన మహాప్రధాన సంఖ్యయు ఈ జాతిదే. గళ్లు 13,62,79,841; మొత్తమున అంకెలు 4,10,24,320. మల్లనవలె పద్యమునకు ఇరువది అంకెల చొప్పున 20,51,216 పద్యములు కావలెను. ఏ అవధాని పూనుకొనునో!

మరునాడు ఇవన్నియు నల్లబల్లపై వ్రాసితిని. వారము తిరుగకమునుపే ఆ విద్యార్థిని 61వ గడి సంఖ్యకు తానే చంపకమాల కట్టబూని, ఒకట్ల స్థానమందలి 1కి ‘భూ’ యనవలెనా, ‘శశి’ యనవలెనా యని యడిగెను. మొదట మూడు లఘువులు కావలెను గదమ్మా, ‘శశి’ యనుము అంటిని.