గుప్తాయుధ నిల్వలు: కథలు, యథార్థములు

కోట యున్న ప్రతిచోటను సొరంగపు కథ యొకటి యుండును. ఆ సొరంగములో తుపాకులును, మందు పీపాలును నేటికిని భద్రముగా నున్నవని పెద్దలు చెప్పుదురు, పిల్లలు నమ్ముదురు. కాలము మారినకొలది కథయు మారినది. ఇప్పుడు కోటకు బదులు కొండగుహ, మందు పీపాకు బదులు క్షిపణి. పైకి కనబడునది కొంచెమే, అసలు నిల్వ వేరొకచోట నున్నదను మాట యుద్ధవార్త వచ్చినపుడెల్ల బజారులో వినబడుచునే యుండును. ఈ మాటలో ఆశ యున్నది, భయమును ఉన్నది. నిజమెంత యున్నదో విచారింతము. అందులకు దూరదేశముల చరిత్ర వెదకనక్కరలేదు. గోదావరి సీమయు, దాని ఇరుగుపొరుగులును తగిన నిదర్శనముల నిచ్చుచున్నవి.

1758 డిసెంబరులో పిఠాపురమునకు సమీపమున చందుర్తివద్ద ఇంగ్లీషు సేనాని ఫోర్డు, విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు తోడ్పాటుతో, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాను నోడించెను. ఫ్రెంచివారు రాజమహేంద్రవరమును కూడ విడిచి తుదకు బందరు కోటలో తలదాచుకొనిరి. ఆ కోటలో ఫిరంగులకుగాని, మందుగుండునకుగాని కొదువ లేదు. వెలుపల ముట్టడి వేసిన ఫోర్డు స్థితి దీనికి పూర్తిగా విరుద్ధము. సైనికులకు జీతములు చెల్లించుటకు ధనము లేదు. హైదరాబాదు ప్రభువు సలాబతు జంగు సేనలతో సమీపించుచుండెను. 1759 ఏప్రిలు 7వ తేదీన ఫిరంగిదళాధికారులు లెక్కచూచి, ఇక రెండు దినములకు చాలిన మందుగుండు మాత్రమే మిగిలినదని చెప్పిరి. ఆ రాత్రియే ఫోర్డు కోటపై బడెను. తెల్లవారునప్పటికి కోట వశమయ్యెను. పట్టువడినవారి సంఖ్య పట్టుకొన్నవారి సంఖ్యను మించినది! కోటలో దొరకిన ఫిరంగులు సుమారు 120. నిండిన కొట్టు కోటను కాపాడలేదు. రెండు దినముల మందు గలవాడు దానిని గెలిచెను. నిల్వ యుండుట వేరు, అది సమయమునకు తగినచోట తగినవాని చేతిలో నుండుట వేరు.

రెండవ నిదర్శనము మన్యమునుండి వచ్చుచున్నది. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసెను. మూడు ఠాణాలలోను కలిసి ఆయన దళమునకు దొరకిన తుపాకులు 26, తూటాలు సుమారు 2,500. ఒక మహాసామ్రాజ్యమును ఎదిరించుటకు ఆ దళమునకు గల ఆయుధబలము ముఖ్యముగా ఇదియే. తరువాత అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరము ఠాణాలలో ఆయన ప్రవేశించినప్పుడు ఆయుధములు దొరకలేదు. ప్రభుత్వమువారు వానిని ముందే అచటినుండి తప్పించిరి. చరిత్రలో నిజముగా జరిగిన ఆయుధగోపన మిట్టిది: కొలది తుపాకులు, కొలది కాలము, ఎదుటివానికి చిక్కకుండ చేయుట. పేల్చిన తూటా తిరిగి రాదు. క్రొత్త తూటా వచ్చు మార్గము మూసికొనిపోయిన దళమునకు దినదినమును కష్టమే. 1924 మే 7వ తేదీన సీతారామరాజు వీరమరణ మొందెను. అడవిలో తరుగని ఆయుధాగార మేదియో ఆ దళమునకు ఉండెనని తలచుట వారి సాహసమును తగ్గించుటయే యగును.

మూడవది రెండవ ప్రపంచయుద్ధము. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. ఆ యుద్ధకాలమున తాడేపల్లిగూడెమువద్ద వేసిన విమానపు బాట నేటికిని కనబడుచున్నది. పోవు సైన్యములు మిగిలిన సామగ్రిని భూమిలో పాతిపెట్టి పోయినవను కథ ఇట్టి స్థలముల కెల్ల సులభముగా అంటుకొనును. కాని యుద్ధానంతరము మిగిలిన సరకులో చాల భాగమునకు పట్టిన గతి మరింత సామాన్యమైనది. ప్రభుత్వము దానిని లెక్క వ్రాసి, డిస్పోజల్సు శాఖ ద్వారా అమ్మివేసెను. లారీలు, గుడారములు, తీగలు, రేడియో పరికరములు ఇట్లే బజారునకు వచ్చెను.

అసలు మందుగుండును ఏండ్ల తరబడి మరుగున నుంచుట ఎందుకు సాధ్యము కాదు? వెనుకటి నల్లమందు తేమను పీల్చుకొనును. మన డెల్టా వర్షర్తువులో దాని గతి యేమగునో ఊహింపవచ్చును. నేటి మందు వేరు విధముగా చెడును. అది తనలో తాను మెల్లగా విచ్ఛిన్నమగుచుండును. దానిని అరికట్టుటకు కలిపిన ద్రవ్యము కాలక్రమమున ఖర్చగుచుండును. అందుచే నిర్ణీతకాలమున కొకసారి నమూనా తీసి పరీక్షింపవలెను. గడువు తీరినదానిని నాశనము చేయవలెను. చల్లని కొట్లు, కొట్టుకు కొట్టుకు నడుమ తగిన దూరము, అగ్నిమాపక దళము, కావలివారు, లెక్కపుస్తకము కావలెను. ఇన్ని యున్నను ప్రమాదము తప్పదు. 2016 మే 31వ తేదీన మహారాష్ట్రలోని పుల్‌గావ్ కేంద్ర మందుగుండు డిపోలో జరిగిన అగ్నిప్రమాదములో పలువురు సిబ్బంది ప్రాణములు కోల్పోయిరి. ఇంతమంది చేతులు అవసరమైన వస్తువు ఎవరికిని తెలియకుండ ఎట్లుండగలదు?

కొండగుహ కథకు మాత్రము మన తీరమున నిజమైన పోలిక యొకటి కలదు. విశాఖపట్టణమువద్ద రాతిలో తొలిచిన భూగర్భ గుహలలో 13 లక్షల 30 వేల టన్నుల ముడిచమురు పట్టును. మంగళూరు, పాదూరు గుహలతో కలిపి ఇది 53 లక్షల టన్నులు దాటును. ఆపత్కాలమునకై ఏర్పరచిన నిల్వయే యైనను, ఇది రహస్యము కాదు. చోటు అందరికిని తెలియును, పరిమాణము ప్రకటితమైనది.

సైన్యపు మందుగుండు విషయమున చోటుకంటె లెక్కయే గుప్తము. తీవ్రయుద్ధము 40 దినములు సాగుటకు చాలిన నిల్వ యుండవలెనని మన సైన్యము నియమము చేసికొనినది. 2015లో కంప్ట్రోలరు అండ్ ఆడిటరు జనరలు పార్లమెంటునకు సమర్పించిన నివేదిక ప్రకారము, 2013 మార్చి నాటికి 170 రకముల మందుగుండులో 125 రకములు కనీసపు హద్దైన 20 దినములకు కూడ చాలకుండెను. సగము రకములు 10 దినములకైనను చాలవు. ఇది ఆనాటి లెక్క, నేటిది కాదు. కాని ఇందొక పాఠము కలదు. ప్రజలు రహస్యముగా అధికనిల్వ యున్నదని తలచుచుండగా, పుస్తకములలో దాగియున్నది కొరత. ఎక్కడనో దాచినది కలదను నమ్మకము ఆ కొరతనుగూర్చి అడుగవలసిన ప్రశ్నను అడుగనీయదు.

కావున ఇట్టి కథ విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. దానిని ఎవరు కాయుచున్నారు? ఎవరు లెక్కించుచున్నారు? అది ఎన్నడు తయారైనది? ఈ మూడింటికిని సమాధానము లేనిచో అది కథయే. ఇక పొలము దున్నునప్పుడుగాని, చెరువు త్రవ్వునప్పుడుగాని పాత గుండువంటి లోహపు వస్తువు బయటపడినచో ప్రశ్నలతో పనిలేదు. దానిని తాకరాదు, కదపరాదు, పాత ఇనుముగా అమ్మజూపరాదు. తూటా పేలుటకు పనికిరాకపోయినను, గుండులోని మందు చావకపోవచ్చును. పిల్లలను దూరముగా నుంచి, వెంటనే పోలీసువారికి తెలియజేయుట ఇంటివారి కర్తవ్యము.