వేకువ దీపాలు

ఋతువర్ణన లేని ప్రబంధం అరుదు. కావ్యంలో ఉండవలసినవిగా ఆలంకారికులు చెప్పిన అష్టాదశ వర్ణనలలో అదొకటి. తెలుగు కవులు వసంతాన్ని వర్ణించినప్పుడల్లా మామిడి చిగురు మేసిన కోయిల కూసింది, మలయమారుతం వీచింది, తుమ్మెద ఝంకారం చేసింది. అది ఋతువును తీరికగా చూడగలిగినవారి కంటికి కనిపించిన వసంతం. దినమంతా పొలంలో నడుము వంచి పనిచేసేవారి ఇంటికి అదే ఋతువు మరొక వేషంలో వస్తుంది. పల్నాటి సీమలో అది మిరపకల్లాల ఎరుపుతో, కళ్లు మండించే ఘాటుతో, నానాటికీ ముదిరే ఎండతో వస్తుంది. అక్కడి చిన్న పట్టణాలలోని లూథరన్ క్రైస్తవ సంఘాలకు సంవత్సరంలో అతి ముఖ్యమైన కాలం కూడా ఇదే. వారి వసంతం పశ్చాత్తాపంతో ఆరంభమై, సమాధుల తోటలో వెలిగే దీపాలతో పరిపూర్ణమవుతుంది.

లూథరన్ శాఖకు మూలపురుషుడు జర్మనీ దేశస్థుడైన మార్టిన్ లూథర్ (1483–1546). 1517లో ఆయన ప్రకటించిన తొంభై అయిదు ప్రతిపాదనలు ఐరోపాలో మతసంస్కరణోద్యమానికి నాంది పలికాయి. దైవవాక్యాన్ని ప్రతి మనిషీ తన సొంత భాషలో చదువుకోవాలనీ, తన సొంత భాషలోనే దేవుని కీర్తించాలనీ ఆయన ఆశించాడు. ఆ ఆశయంతోనే 1522లో బైబిలులోని కొత్త నిబంధనను జర్మన్ భాషలో వెలువరించాడు. 1534 నాటికి సంపూర్ణ బైబిలు అచ్చయింది. పిల్లలకూ సామాన్య గృహస్థులకూ మతసారాన్ని బోధించడానికి 1529లో ఒక చిన్న ప్రశ్నోత్తర గ్రంథాన్ని కూడా రచించాడు.

ఈ సంప్రదాయానికీ తెలుగు అచ్చు పుస్తకానికీ ఉన్న బంధం చాలా పాతది. చెన్నపట్నంలో పనిచేసి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మతబోధకుడు స్వదేశానికి తిరిగి వెళ్లి, 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలే నగరంలో కొన్ని తెలుగు పుస్తకాలు ముద్రింపజేశాడు. తెలుగులో తొలి ముద్రిత గ్రంథాలుగా సాహిత్య చరిత్రకారులు లెక్కించేవి అవే. తెలుగు అక్షరం అచ్చు రూపం దాల్చింది తెలుగునేలకు వేల మైళ్ల దూరంలో, మంచు కురిసే దేశంలో!

తరువాత సుమారు వంద సంవత్సరాలకు, 1842 జూలై 31న, అమెరికా లూథరన్ల పక్షాన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరాడు. నాటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు అండగా నిలిచాడు. హయ్యర్ గుంటూరులో పాఠశాలలు నెలకొల్పి, పిమ్మట పల్నాటిలోని గురజాలకు వెళ్లి అక్కడా పనిచేశాడు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గుంటూరులో స్త్రీలకూ శిశువులకూ వైద్యసేవ అందించి, 1930లో అక్కడే కన్నుమూసింది. గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల సంఘాలు కలిసి 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోని అనేక పట్టణాలలో, పల్లెలలో ఈ సంఘానికి చెందిన దేవాలయాలున్నాయి.

ఈ సంఘాల వసంతకాలానికి కేంద్రం ఈస్టర్ పండుగ. సిలువపై మరణించిన క్రీస్తు మూడవనాడు తిరిగి లేచాడన్న విశ్వాసమే దానికి మూలం. క్రిస్మస్ వలె ఈస్టరుకు స్థిరమైన తేదీ లేదు. మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే మొదటి పూర్ణిమను గుర్తించి, ఆ పూర్ణిమ తరువాతి ఆదివారంనాడు దానిని జరుపుతారు. అందువల్ల అది మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఏ ఆదివారమైనా రావచ్చు. మన పంచాంగం వలె ఈ లెక్క కూడా చంద్రుణ్ణి ఆశ్రయించినదే. 2024లో ఫాల్గుణ పూర్ణిమ తరువాత మార్చి 31న ఈస్టర్ వచ్చింది. ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. 2025లో ఉగాది మార్చి 30న ముందుగా వచ్చి, చైత్ర పూర్ణిమ తరువాత ఏప్రిల్ 20న ఈస్టర్ వచ్చింది. ఒకే వీధిలో ఒక ఇంట వేపపూత పచ్చడికి, మరొక ఇంట సిలువ ధ్యానానికి ఒకే చంద్రుడు వేళ నిర్ణయిస్తాడు.

ఈస్టరుకు ముందు నలభై దినాలు శ్రమకాలం. ఆదివారాలు ఈ లెక్కలో చేరవు. ఇది భస్మ బుధవారంతో ఆరంభమవుతుంది. కొన్ని సంఘాలలో ఆనాడు నుదుట బూడిద గుర్తు ఉంచి, మనిషి మట్టి నుండి వచ్చినవాడన్న సత్యాన్ని జ్ఞప్తి చేస్తారు. బలిపీఠం మీది వస్త్రం ఊదారంగుకు మారుతుంది. సంఘంలో పెళ్లిళ్లు జరపరు. కొందరు ఉపవాసముంటారు, కొందరు తమకు ప్రీతికరమైనదొకటి విడిచి, దాని ఖరీదును పేదల కొరకు కానుకగా తీసిపెడతారు.

తెలుగులో ‘శ్రమ’ అనే పదానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి బాధ, రెండవది కష్టించి పనిచేయడం. పల్నాటిలో శ్రమకాలానికి ఈ రెండర్థాలూ వర్తిస్తాయి. అది మిరపకోతల కాలం. సంఘస్థులలో ఉపాధ్యాయులు, నర్సులు, చిన్న ఉద్యోగులు ఉన్నా, వ్యవసాయ కూలీల కుటుంబాలు అధికం. స్త్రీలు తెల్లవారక ముందే బువ్వ కట్టుకొని కోతకు వెళ్తారు. కల్లంలో ఎండిన కాయల నుండి తాలుకాయలు ఏరుతారు. సాయంకాలానికి వేళ్లు మండుతుంటాయి. ఎన్నిసార్లు కడిగినా ఆ మంట తగ్గదు. అయినా స్నానం ముగించి, చీర మార్చుకొని, ఆనాటి ప్రార్థన ఎవరి ఇంట ఉంటే అక్కడికి చేరుకుంటారు. శ్రమకాలంలో ఇంటింటి ప్రార్థనలు జరగడం ఆనవాయితీ. ఇరుకైన వాకిట్లో చాపలు పరుస్తారు. పాస్టరుగారు క్రీస్తు శ్రమలను గురించి కొద్దిసేపు మాట్లాడతారు. ఆ ఇంటివారి కష్టసుఖాలు విని, వారి కొరకు అందరూ ప్రార్థిస్తారు. ఎవరి బిడ్డకు పరీక్షలు, ఎవరి ఇంట అప్పు, ఎవరికి జబ్బు అన్నది ఆ విధంగా సంఘమంతటికీ తెలుస్తుంది. తెలిసిన తరువాత ఊరకుండడం కష్టం. ప్రార్థన సహాయంగా మారేది అక్కడే.

ఆ వాకిళ్లలో వినిపించే పాటలు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే సంకలనం తెలుగు క్రైస్తవ గృహాలలో బైబిలు పక్కనే ఉంటుంది. అందులో కీర్తనలకు పైన రాగతాళాల పేర్లు కనిపిస్తాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తకవులు పల్లవి, చరణాల చట్రంలో, తెలుగువారి చెవికి అలవాటైన రాగాలలో క్రీస్తు కథను గానం చేశారు. శాఖాభేదం లేకుండా అన్ని సంఘాలవారూ వాటిని పాడుకుంటారు. హార్మోనియం, తబలా, కంజీరలతో కీర్తన సాగుతున్నప్పుడు, చదువురాని వృద్ధురాలు కూడా పుస్తకం చూడకుండా చివరి చరణం వరకు గొంతు కలుపుతుంది. సొంత భాషలో దేవుని కీర్తించాలన్న లూథర్ ఆశయం ఆమె కంఠంలో నెరవేరుతుంది.

శ్రమకాలపు చివరి వారాన్ని పరిశుద్ధ వారం అంటారు. దాని ఆరంభం మట్టల ఆదివారం. క్రీస్తు యెరూషలేములో ప్రవేశించినప్పుడు ప్రజలు ఖర్జూరపు మట్టలు పట్టుకొని ఎదురేగారని బైబిలు చెబుతుంది. ఇక్కడి పిల్లలు ఈతమట్టలు, కొబ్బరి మట్టలు చేతబట్టి పాటలు పాడుతూ వీధుల వెంట ఊరేగుతారు. ఈత కూడా ఖర్జూరం జాతి చెట్టే కనుక, వాగుగట్టున కోసుకొచ్చిన మట్ట ఆ పురాతన ఘట్టానికి సహజంగానే అమరుతుంది. గురువారం రాత్రి క్రీస్తు శిష్యులతో చేసిన కడపటి భోజనాన్ని స్మరిస్తూ రొట్టె, ద్రాక్షారసాలతో సంస్కారం జరుగుతుంది. శుక్రవారంనాడు మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు గంటల వరకు, సిలువపై క్రీస్తు పలికిన ఏడు మాటలను ధ్యానిస్తారు. ఒక్కొక్క మాటను ఒక్కొక్కరు వివరించడం రివాజు. పాస్టరుగారితో పాటు ఉపాధ్యాయుడు, స్త్రీల సమాజంలోని పెద్దావిడ, కళాశాలలో చదువుకొనే యువతి కూడా ఆ వేదికపై నిలుస్తారు. నలుగురి ఎదుట నిలబడి నోరు విప్పే అవకాశం తొలిసారి ఇక్కడనే పొందినవారు ఎందరో ఉన్నారు.

శనివారం దేవాలయం మౌనంగా ఉంటుంది. సమాధుల తోటలో మాత్రం సందడి. ఊరి చివర, తుమ్మచెట్ల మధ్యనున్న ఆ స్థలానికి కుటుంబాలు కుటుంబాలుగా వస్తారు. పార, కొడవలి, సున్నపు బకెట్టు, కుంచె వెంట తెచ్చుకుంటారు. ఏడాదిపాటు పెరిగిన పిచ్చిమొక్కలు పీకి, కుంగిన మట్టిని సరిచేసి, గోడలకు సున్నం వేస్తారు. మాసిపోయిన అక్షరాలను నల్లరంగుతో దిద్దుతారు. స్తోమత గలవారి సమాధిపై పాలరాయి ఉంటుంది. లేనివారిది మట్టిదిబ్బ, దానిమీద కొయ్య సిలువ. వారసులు వలసపోయిన సమాధులు కూడా కొన్ని ఉంటాయి. యువకులు మిగిలిన సున్నంతో వాటిని కూడా తెల్లగా చేస్తారు. ఆ పేరు ఎవరిదని చిన్నవాడు అడిగితే, పెద్దవాడు చేతిలోని కుంచె ఆపి ఆ మనిషి కథ చెబుతాడు.

ఈ పేర్లకు ఉన్న విలువ గ్రహించాలంటే చరిత్రలోకి చూడాలి. ఈ సంఘాలలో చేరినవారిలో అధికులు అంటరానితనానికి గురై, అక్షరానికి దూరంగా ఉంచబడినవారు. వారి తాతముత్తాతల పేర్లు ఏ శాసనంలోనూ కనబడవు. ఏ వంశచరిత్రలోనూ చేరలేదు. సంఘం నడిపిన బడిలో పలక పట్టిన తరమే తన తల్లిదండ్రుల పేర్లను మొదటిసారి రాతి మీద చెక్కించగలిగింది. అందుచేత సమాధిపై దిద్దిన అక్షరం కేవలం స్మృతిచిహ్నం కాదు. ఒక మనిషి ఈ నేలపై గౌరవంగా జీవించాడనడానికి సాక్ష్యం. పల్నాటిలోని వినుకొండలో జన్మించిన మహాకవి గుర్రం జాషువ (1895–1971) గుంటూరులో లూథరన్ సంఘం నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో కొంతకాలం బోధించాడు. రాజు, పేద భేదం చెరిగిపోయే చోటుగా శ్మశానాన్ని దర్శించిన ఆయన పద్యాలు పౌరాణిక నాటకాల ద్వారా ఊరూరా మారుమ్రోగాయి. బ్రతికి ఉండగా సమానత్వం దొరకని సమాజంలోనే అటువంటి పద్యం పుడుతుంది.

ఆదివారం ఇంకా చీకటి ఉండగానే దేవాలయం గంట మ్రోగుతుంది. తెల్లని వస్త్రాలు ధరించిన స్త్రీపురుషులు కొవ్వొత్తులు చేతబట్టి సమాధుల తోటకు నడుస్తారు. ప్రతి సమాధిపై మల్లెలు, బంతిపూలు పరచి ఒక దీపం నిలుపుతారు. చిరుగాలికి ఒకరి దీపం ఆరితే, పక్క సమాధి దీపంతో తిరిగి వెలిగిస్తారు. వేపపూత వాసన, కరిగే మైనపు వాసన కలిసిపోతాయి. తూరుపు తెలవారుతుండగా పునరుత్థాన కీర్తన మొదలవుతుంది. మంచుదేశాలలో ఈస్టరు వేళకు నేల కరిగి మొలక తలెత్తుతుంది. మరణం తరువాతి జీవానికి అక్కడ ప్రకృతియే ఉపమానం. పల్నాటిలో ఆ వేళకు పొలాలు ఖాళీ అవుతాయి; చెరువులు అడుగంటుతాయి. ఇక్కడివారికి ఉపమానం చెట్టు కాదు, దీపం. చీకటిలో ఒకరి నుండి ఒకరికి అందే ఆ చిన్న వెలుగే వారి వసంతం.

పండుగ తరువాత జీవితం మళ్లీ కదులుతుంది. బలిపీఠం మీద ఊదావస్త్రం పోయి తెల్లవస్త్రం వస్తుంది. ఆగిన పెళ్లిళ్లకు ముహూర్తాలు కుదురుతాయి. బడులకు సెలవులిచ్చిన తరువాత దేవాలయంలో పిల్లలకు సెలవుల బైబిలు పాఠశాల మొదలవుతుంది. కథలు, అభినయ గీతాలు, బొమ్మలు, ఆటలతో సాగే ఆ బడికి యువతీయువకులే ఉపాధ్యాయులు. సంఘంలో పూర్తి బాధ్యత స్వీకరించదలచిన పెద్దపిల్లలు లూథర్ ప్రశ్నోత్తరిని అభ్యసిస్తారు. ఆ గ్రంథంలో ప్రతి బోధ తరువాత దాని అర్థమేమిటన్న ప్రశ్న వస్తుంది. వల్లించడం చాలదు, గ్రహించాలి అన్నది దాని సారాంశం. ఏ విద్యకైనా ఇదే పునాది.

నేడు ఈ సంఘాలకు కొత్త సమస్యలు ఎదురవుతున్నాయి. చదువుకున్న పిల్లలు హైదరాబాదుకు, బెంగుళూరుకు, విదేశాలకు వెళ్లిపోతున్నారు. ఇళ్లలో వృద్ధులు మిగులుతున్నారు. కొన్నిచోట్ల పాత కీర్తనలకు బదులు పెద్ద స్పీకర్ల హోరు వినిపిస్తున్నది. ఊళ్లు పెరిగేకొద్దీ సమాధుల తోటలకు చోటు ఇరుకవుతున్నది. అయినా ఈస్టరు ముందు రాత్రి దూరప్రాంతాల నుండి వచ్చే బస్సులు, రైళ్లు దిగేవారిలో ఈ బిడ్డలు కనిపిస్తారు. నగరంలో ఎంత సంపాదించినా, తాత పేరు మీద దీపం పెట్టడానికి ఊరికి రావలసిందే.

మతాలు వేరైనా, పూర్వులను స్మరించడం, కష్టంలో తోడుండడం, తరువాతి తరానికి అక్షరాన్ని అందించడం మానవులందరి ధర్మం. దేశంకాని దేశంలో పుట్టిన ఒక సంప్రదాయం తెలుగు రాగంలో ఒదిగి, ఈతమట్ట చేతబట్టి, మిరపకల్లాల ఘాటులో జీవించి తెలుగుదైంది. ఏటేటా వసంతంలో ఆ వేకువ దీపాలు వెలిగినంతకాలం, చరిత్ర మరచిన సామాన్యుల పేర్లు ఈ నేలమీద చదవబడుతూనే ఉంటాయి.