పురుగును తినే పురుగుకీ తిండి కావాలి

పై వీడియోలో మా మిరప చేను చుట్టూ వేసిన జొన్న చూశారు కదా. ఆ జొన్న సుడుల్లో పేనుబంక ఉంది. నేను దాని మీద ఏ కషాయమూ కొట్టలేదు. కావాలనే ఉంచాను. చూడటానికి వచ్చిన మా బాబాయి "ఏందిరా, పురుగుని పెంచుతున్నావా?" అన్నాడు. అవును బాబాయ్, పెంచుతున్నాను. ఎందుకో చెప్తాను.

2021–22లో నల్ల తామర పురుగు మన మిరప చేలని ఏం చేసిందో గుంటూరు, ప్రకాశం రైతులకి చెప్పక్కర్లేదు. అప్పటికి నేను రసాయనాల్లోనే ఉన్నాను. వారానికి రెండుసార్లు మందు కొట్టాను. కొట్టిన రెండు రోజులు పురుగు తగ్గినట్టే ఉండేది. ఐదో రోజుకి మళ్లీ పువ్వు నిండా అదే. చివరికి పూతంతా రాలిపోయి చేను దున్నేశాను. మందు నాసిరకం అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆ మందు నా చేలో ఇంకో పని చేసిందని.

ఈ పురుగు ఆగ్నేయ ఆసియా నుంచి వచ్చింది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. ఇది పువ్వు లోపల దాక్కుంటుంది. గుడ్లు మొక్క కణజాలం లోపల పెడుతుంది. కోశస్థ దశ మట్టిలో గడుపుతుంది. అంటే పైన కొట్టే మందు దీనికి సగం తగలదు. మరి బాగా తగిలేది ఎవరికి? ఆకుల మీద తిరుగుతూ వేటాడే అక్షింతల పురుగుకి, సాలీడుకి, తామర పురుగుల్ని పీల్చి తినే ఓరియస్ అనే చిన్న నల్లికి.

ఇక్కడే ఆహార గొలుసు లెక్క తెలియాలి. మొక్కని పురుగు తింటుంది, పురుగుని మిత్ర పురుగు తింటుంది, దాన్ని పిట్టో తొండో తింటుంది. ఒక్కో మెట్టు ఎక్కేసరికి తిన్న తిండిలో సుమారు పదో వంతే ఒంటికి పడుతుంది. మిగతాది తిరగడానికి, బతకడానికి ఖర్చైపోతుంది. అందుకే చేలో తినే పురుగుల కన్నా వాటిని వేటాడేవి సాధారణంగా చాలా తక్కువే ఉంటాయి.

పెరగడంలోనూ తేడా ఉంది. మన ఎండలకి తామర పురుగు సుమారు రెండు వారాల్లో ఒక తరం పూర్తి చేస్తుంది. అక్షింతల పురుగుకి గుడ్డు నుంచి పెద్దదవ్వడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. పైగా మందు కొట్టాక బతికి బయటపడిన మిత్ర పురుగుకి తినడానికి తిండి ఉండదు. ఆకలికి చస్తుంది, లేదా వెళ్లిపోతుంది. శత్రువు ముందు తిరిగొస్తాడు, కాపలావాడు వెనక వస్తాడు. ఆ మధ్యలో పంట పోతుంది.

ఇది మనకి కొత్త పాఠం కాదు. 1980లలో పచ్చపురుగు కోసమని సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు పత్తి మీద విపరీతంగా కొట్టారు. దాంతో తెల్లదోమని అదుపులో ఉంచే జీవులు పోయాయి, తెల్లదోమ విరుచుకుపడింది. 1987–88లో మన ప్రాంతంలో పత్తి రైతులు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నారు. పెద్దవాళ్లని అడగండి, ఇంకా గుర్తుంది.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది:

1. మిరప చుట్టూ మూడు వరుసలు జొన్న. దాని మీద వచ్చే పేనుబంక మిరప మీద స్థిరపడదు. కానీ అక్షింతల పురుగులకి అది తిండి. మిరపలో పురుగు పడేనాటికి కాపలా సిద్ధంగా ఉంటుంది.

2. మధ్యమధ్యలో బంతి, ధనియాలు. పుప్పొడి, తేనె దొరికితే ఓరియస్, అల్లిక రెక్కల పురుగు నిలబడతాయి.

3. నేల మీద ఆచ్ఛాదన. సాలీళ్లు, నేల మీద తిరిగే పెంకు పురుగులు అక్కడే ఉంటాయి.

4. పక్షులు వాలడానికి ఎకరాకి పది పంగల కర్రలు.

ఒక జాగ్రత్త. పత్తిలో బొబ్బర్లు మంచి అంతర పంట. కానీ మిరప పక్కన బొబ్బర మీద పేనుబంక పెరగనివ్వకండి, అది మిరపకి వైరస్ తెగుళ్లు అంటించగలదు.

ఇంకో మాట, మన సహజ రైతులకే చెప్తున్నాను. అగ్నిస్త్రంలో పొగాకు ఉంటుంది. అది మిత్ర పురుగునీ చంపుతుంది. "మనది సహజమే కదా" అని వారం వారం కొడితే 2021లో నేను చేసిన తప్పే మళ్లీ చేసినట్టు. నేను ముందు పది మొక్కల పూలు తెల్లకాగితం మీద తట్టి చూస్తాను. తామర పురుగులతో పాటు మిత్ర పురుగులు కూడా కనిపిస్తే ఆగుతాను, మూడు రోజులకి మళ్లీ చూస్తాను. మిత్రులు లేకుండా పురుగే పెరుగుతుంటే అప్పుడు కొడతాను, అదీ పట్టిన చోట వరకే.

నా చేలో తామర పురుగు పూర్తిగా పోలేదు. పోకూడదు కూడా. అది ఒక్కటీ లేకపోతే దాన్ని తినేవాడు చేలో ఎందుకుంటాడు? మనకి కావాల్సింది పురుగు లేని చేను కాదు, పురుగుకి యజమాని ఉన్న చేను.

రేపు పొద్దున్నే మీరూ పది పూలు తట్టి చూడండి. ఏం రాలిందో కింద రాయండి.