విషాన్ని పట్టే దారం

బంగ్లాదేశ్‌లో కొన్ని పల్లెల ఆడవాళ్లు పాత చీరను నాలుగు మడతలు వేసి నీళ్లు వడకట్టారు. ఆ పల్లెలలో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కలరా క్రిములను మోసే సూక్ష్మజీవులు మడతలలో చిక్కుకుపోయాయి.

మరి, అద్దకపు కార్ఖానా వదిలిన మురుగునీటిని ఆ చీరతోనే వడకడితే? రంగు నీళ్లు రంగు నీళ్లుగానే దిగుతాయి! రంగూ, సీసమనే లోహమూ నీటిలో కరిగి ఉంటాయి గనక గుడ్డ కన్నాలలోనుంచి సులువుగా జారిపోతాయి. అలాంటివాటిని పట్టాలంటే దారమే వాటిని అంటించుకోవాలి.

అంటుకోవటానికి చోటు కావాలి. దారం ఎంత సన్నమైతే అంత చోటు! మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక నానోమీటరు. మన వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. అంత మందపు దారానికి పట్టే పదార్థాన్నే 200 నానోమీటర్ల పోగులుగా తీస్తే, పైభాగం 400 రెట్లవుతుంది.

ఇంత సన్నని పోగులను ఏ రాట్నంతోనూ తీయలేము. వీటిని తీసేది విద్యుత్తు. సన్నని గొట్టం చివర నిలిచిన జిగురు బొట్టుకు వేల వోల్టుల విద్యుత్తు ఇస్తే, బొట్టు మొనదేలి, దారంగా సాగి, గాలిలో ఆరి, ఎదుటి రేకు మీద పొరగా పరుచుకుంటుంది. రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ను ఆ జిగురులో కలిపితే, పోగులు సీసాన్నీ, రంగునూ పట్టి ఉంచుతాయి.

అయితే పట్టుబడిన విషం మాయమైపోదు! పోగులలో చోటు నిండగానే వాటిని తగిన ద్రవంతో కడిగి, సీసాన్ని వేరుచేసి భద్రపరచాలి. అలాకాక, వాడిన పొరను ఏటిగట్టున పారేస్తే, ఆ విషం వాననీటితో మళ్లీ ఏటిలోకే చేరవచ్చు.